రాత్రి బస చేస్తేనే తెలిసే ఇల్లు: ఇంగ్లాండు కంట్రీ హౌస్ హోటళ్ల గురించి

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, వాస్తుశిల్పం చదువుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఇంగ్లాండు పల్లెల్లోని పాతకాలపు పెద్ద ఇళ్ల గురించి, మరమ్మతు చేసి విలాస హోటళ్లుగా మార్చిన అలాంటి ఇళ్లలో బస చేయడం గురించి. వీటిని అక్కడివాళ్లు కంట్రీ హౌస్ హోటళ్లు అంటారు. ఒక రాత్రికి అనేక వందల పౌండ్లు తీసుకునే గదుల గురించి ఉపన్యాసం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అది న్యాయమైన సందేహమే. ఈ ఇళ్లను చూడటానికి రెండు దారులున్నాయి. పగటిపూట టికెట్టు కొని, తాళ్లు కట్టిన దారి వెంట నడిచి, గదులను దూరం నుంచి చూసి రావడం ఒకటి. ఆ ఇంట్లోనే భోంచేసి, నిద్రపోయి, తెల్లవారి లేవడం రెండోది. మొదటి దారిలో తెలిసేది ఇంటి అలంకారం. ఇల్లు ఎలా పనిచేసేదో, ఎవరి కోసం పనిచేసేదో, ఎవరి శ్రమ మీద నడిచేదో రెండో దారిలోనే తెలుస్తుందని నా నమ్మకం. ఇల్లన్నది మనుషులు నిద్రపోవడానికి కట్టుకున్న చోటు కాబట్టి, అందులో నిద్రపోవడమే దాన్ని సరిగా చదవడం అవుతుంది.

ముందుగా ఈ ఇళ్లు హోటళ్లు కావలసిన పరిస్థితి ఎలా వచ్చిందో చెప్పాలి. ఇంగ్లాండులో కంట్రీ హౌస్ అంటే కేవలం పెద్ద భవనం కాదు. చుట్టూ వేల ఎకరాల భూమి, ఆ భూమిని కౌలుకు చేసే రైతులు, వాళ్లు చెల్లించే కౌలు మీద బతికే ఒక కుటుంబం, ఆ కుటుంబానికి సేవ చేసే పదుల కొద్దీ పనివాళ్లు, ఇదంతా కలిపి ఒకే వ్యవస్థ. 1870ల తర్వాత అమెరికా మైదానాల నుంచి చవక గోధుమలు రైళ్లమీద, ఆవిరి ఓడలమీద ఇంగ్లాండుకు చేరడం మొదలయ్యాక ధాన్యం ధరలు పడిపోయాయి, వాటితోపాటు కౌలూ పడిపోయింది. 1882లో వచ్చిన చట్టం వంశపారంపర్యంగా కట్టుబడి ఉన్న ఎస్టేటు భూములను అమ్ముకునేందుకు వీలు కల్పించింది. 1894లో ఆర్థికమంత్రి విలియం హార్‌కోర్ట్ మరణానంతర ఆస్తి పన్నును కొత్త రూపంలో ప్రవేశపెట్టాడు. అప్పుడు దాని గరిష్ఠ రేటు 8 శాతం. 1919లో ఇరవై లక్షల పౌండ్లు దాటిన ఆస్తులపై అది 40 శాతమైంది, 1949 నాటికి అతిపెద్ద ఆస్తులపై 80 శాతానికి చేరింది. తండ్రి చనిపోయి, ఆ వెంటనే యుద్ధంలో కొడుకూ చనిపోతే ఆ పన్ను బరువు ఎంతటిదో ఊహించుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నో కుటుంబాలకు జరిగింది అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం ఈ ఇళ్లను సైన్యానికి, ఆసుపత్రులకు, తరలించిన పాఠశాలలకు స్వాధీనం చేసుకుంది. యుద్ధం ముగిశాక తిరిగి చేతికి వచ్చిన ఇళ్లలో చాలా వాటి కప్పులు కారుతున్నాయి, చెక్క పలకలు ఊడిపోయాయి, పనివాళ్లు మళ్లీ దొరకలేదు. ఇక కూల్చివేత మొదలైంది. పైకప్పు మీది సీసపు రేకులు, మెట్లవరుసలు, పాలరాతి పొయ్యిముఖాలు విడివిడిగా అమ్ముకుంటే ఇంటికంటే ఎక్కువ ధర పలికేవి. 1950ల మధ్యలో ఈ విధ్వంసం పరాకాష్ఠకు చేరింది. 1955లో సగటున అయిదు రోజులకొక ఇల్లు కూలిందని చెబుతారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1974లో రాయ్ స్ట్రాంగ్, జాన్ హారిస్, మార్కస్ బిన్నీ కలిసి కూలిపోయిన ఇళ్ల మీద ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. పోయిన ఇళ్లు వెయ్యికి పైగా ఉన్నాయని దేశానికి తొలిసారి కళ్లకు కట్టినట్టు చూపించింది ఆ ప్రదర్శనే. మరుసటి ఏడాదే సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్ అనే సంస్థ పుట్టింది.

మిగిలిన ఇళ్లను ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. కొన్ని పాఠశాలలయ్యాయి, కొన్ని వృద్ధాశ్రమాలయ్యాయి, కొన్నింటిని అపార్ట్‌మెంట్లుగా విడగొట్టారు. 1937లో వచ్చిన చట్టం ద్వారా నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ ఇళ్లను స్వీకరించి, ఇచ్చిన కుటుంబం అందులోనే నివసించేందుకు వీలు కల్పించి, ప్రజలకు చూపించే పద్ధతి పెట్టింది. హోటల్ అన్న ఆలోచన నెమ్మదిగా వచ్చింది. 1948లో ఫ్రాన్సిస్ కూల్సన్ అనే వంటవాడు లేక్ డిస్ట్రిక్ట్‌లోని అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున షారో బే అనే ఇంటిని అతిథుల కోసం తెరిచాడు. బ్రిటన్‌లో తొలి కంట్రీ హౌస్ హోటల్ అదేనని తరచు చెబుతారు. అక్కడ బస చేసినవాళ్లకు హోటల్‌లో దిగినట్టు కాకుండా ఎవరో మిత్రుడి ఇంటికి శని, ఆదివారాలు గడపడానికి వెళ్లినట్టు ఉండాలన్నది ఉద్దేశం. కౌంటరు వెనక నిలబడి తాళంచెవి ఇచ్చే మనిషి ఉండడు. గదులకు అంకెలకు బదులు పేర్లు ఉంటాయి. సాయంత్రం అతిథులంతా డ్రాయింగ్ రూమ్‌లో పొయ్యి దగ్గర కూర్చుంటారు. ఆ పద్ధతే తర్వాత వచ్చిన హోటళ్లన్నిటికీ నమూనా అయింది.

ఇప్పుడు మూడు ఇళ్ల గురించి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది బకింగ్‌హామ్‌షైర్‌లో థేమ్స్ నది పైన ఎత్తుమీద ఉన్న క్లివ్‌డెన్. అక్కడ తొలి ఇంటిని 1666 ప్రాంతంలో రెండో బకింగ్‌హామ్ డ్యూక్ మొదలుపెట్టాడు. ఆ ఇల్లు 1795లో కాలిపోయింది. దాని స్థానంలో కట్టినది 1849లో కాలిపోయింది. ఇప్పుడు మనం చూసే ఇల్లు మూడోది. సదర్లాండ్ డ్యూక్ కోసం 1851లో చార్లెస్ బారీ కట్టాడు. లండన్‌లో పార్లమెంటు భవనాన్ని రూపొందించిన బారీయే ఇతను. 1893లో అమెరికన్ కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ దాన్ని కొని, 1906లో కొడుకు పెళ్లికి కానుకగా ఇచ్చాడు. ఆ కోడలు నాన్సీ ఆస్టర్ 1919లో బ్రిటిష్ హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఆసీనురాలైన తొలి మహిళ. 1942లో ఆస్టర్లు ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చారు. 1961 వేసవిలో ఆ తోటలోని ఈత కొలను దగ్గరే యుద్ధశాఖ మంత్రి జాన్ ప్రొఫ్యూమో క్రిస్టీన్ కీలర్ అనే యువ మోడల్‌ను కలిశాడు. వివాహేతర సంబంధంగా మారిన ఆ పరిచయం 1963లో అతని రాజీనామాకు దారితీసి, ప్రభుత్వాన్నే కుదిపేసింది. ఆస్టర్లు వెళ్లిపోయాక కొన్నేళ్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అందులో చదువుకున్నారు. 1980ల మధ్య నుంచి హోటల్ అయింది. నేటికీ యజమాని నేషనల్ ట్రస్టే. హోటల్ నడిపేవాళ్లు కౌలుదారులు మాత్రమే.

క్లివ్‌డెన్‌లో భోజనశాలల్లో ఒకదానికి గోడల నిండా పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చెక్క పలకలున్నాయి. ప్యారిస్ దగ్గరి ఆనియేర్ కోట నుంచి ఊడదీసి తెచ్చినవి అవి. దక్షిణపు తోటలో ఉన్న రాతి పిట్టగోడ రోమ్‌లోని బోర్గీజ్ విల్లా నుంచి వచ్చింది. కాబట్టి అసలైన ఇంగ్లీషు ఇల్లు అని మనం చేతులు జోడించే ఈ భవనం నిజానికి మూడు దేశాల ముక్కలను ఒక అమెరికన్ డబ్బు కుట్టిన వస్త్రం. దీన్ని నేను లోపంగా చెప్పడం లేదు. ఏ కాలపు యజమాని అయినా తన అభిరుచిని ఇంటిమీద రాసుకున్నాడు. ఏ పొరను అసలుదిగా భావించి కాపాడాలన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదని మాత్రమే చెబుతున్నాను. ఇంటి ముందు 1861లో హెన్రీ క్లటన్ కట్టిన అలంకారపు గడియార స్తంభం ఉంది. చూసినవాళ్లు అది శోభ కోసమే అనుకుంటారు. దాని పొట్టలో ఉన్నది నీళ్ల ట్యాంకు. ఈ ఇళ్ల మనస్తత్వం తెలుసుకోవడానికి దానికి మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. పని అంతా కనబడకుండా జరగాలి, కనబడేదంతా తీరికలా ఉండాలి.

రెండోది అదే జిల్లాలో ఐల్స్‌బరీ దగ్గరి హార్ట్‌వెల్ హౌస్. ఫ్రెంచి విప్లవం తర్వాత దేశం విడిచి తిరిగిన పద్దెనిమిదో లూయీ 1809 నుంచి 1814 వరకు ఇక్కడ తలదాచుకున్నాడు. అతనితోపాటు వందమందికి పైగా పరివారం. గదులను అడ్డుగోడలతో చీలికలు చేసుకున్నారు. మేడ పైకప్పు మీద కుండీల్లో ఆకుకూరలు పెంచారు, కోళ్లను, కుందేళ్లను సాకారు. 1810లో అతని భార్య మరీ జోసెఫీన్ ఈ ఇంట్లోనే చనిపోయింది. 1814లో నెపోలియన్ దిగిపోయాక ఫ్రాన్స్ సింహాసనాన్ని స్వీకరిస్తూ లూయీ సంతకం పెట్టింది ఈ ఇంటి గ్రంథాలయంలోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఇల్లు అమ్మాయిల పాఠశాల అయింది, ఆపైన ఖాళీ అయింది. హిస్టారిక్ హౌస్ హోటల్స్ అనే సంస్థ దాన్ని తీసుకుని, మరమ్మతు చేసి 1989లో హోటల్‌గా తెరిచింది. అదే సంస్థ యార్క్ శివార్లలోని మిడిల్‌థోర్ప్ హాల్‌ను, వేల్స్‌లో కాన్వీ దగ్గరి బోడిస్‌గాలెన్ హాల్‌ను కూడా ఇలాగే బతికించింది. మిడిల్‌థోర్ప్‌ను షెఫీల్డ్‌కు చెందిన కత్తుల వ్యాపారి థామస్ బార్లో 1699లో మొదలుపెట్టి కట్టించుకున్నాడు. 1970లలో అది నైట్‌క్లబ్బుగా కూడా నడిచింది. 2008లో ఈ మూడు ఇళ్లపై ఉన్న హక్కులనూ, వాటిని నడిపే కంపెనీనీ కలిపి నేషనల్ ట్రస్ట్‌కు దానంగా ఇచ్చేశారు. అతిథి కట్టే గది అద్దెలో మిగిలే లాభం ఆ ఇళ్ల సంరక్షణకూ, ట్రస్ట్ పనికీ పోయే ఏర్పాటు అది. ఈ రంగంలో ఇంతకంటే పద్ధతైన ఏర్పాటు నేను చూడలేదు.

మూడోది వెస్ట్ ససెక్స్‌లోని గ్రేవ్‌టై మానర్. 1598 నాటి రాతి ఇల్లు. దీని ప్రఖ్యాతి ఇంటికంటే తోటవల్ల వచ్చింది. 1884లో తోటల పెంపకం మీద పుస్తకాలు రాసిన విలియం రాబిన్సన్ దీన్ని కొన్నాడు. ఏటా తవ్వి, ఏటా కొత్త మొక్కలను గళ్లు గళ్లుగా నాటే విక్టోరియా కాలపు పద్ధతిని గట్టిగా వ్యతిరేకించి, మొక్కలను వాటి తీరున పెరగనివ్వాలని జీవితమంతా వాదించిన మనిషి. 1935లో చనిపోయేదాకా ఇక్కడే ఉండి, తన వాదాన్ని ఈ నేలమీద ఆచరించి చూపాడు. ఇక్కడ అండాకారపు ప్రహరీ లోపల ఒక కూరగాయల తోట ఉంది. ఈనాటికీ హోటల్ వంటశాలకు కూరలు, పండ్లు అక్కడి నుంచే వస్తాయి. 1950ల చివర హోటల్‌గా మారినప్పటికి తోట చాలావరకు అడవి పట్టిపోయింది. దాన్ని మళ్లీ రాబిన్సన్ ఆలోచనల ప్రకారం పెంచడానికి దశాబ్దాలు పట్టింది. గోడకు గచ్చు పూయడం వారాల పని. తోటకు తన వయసు తిరిగి రావడం అలాంటిది కాదు. ఏ సొమ్మూ దాన్ని తొందరపెట్టలేదు.

మరమ్మతు పని గురించి ఇప్పుడు మాట్లాడాలి. ఈ సభలో వాస్తుశిల్ప విద్యార్థులున్నారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. 1877లో విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించినప్పుడు అతను పోరాడింది కూల్చేవాళ్లతో కంటే ఎక్కువగా పునరుద్ధరించేవాళ్లతోనే. పాత కట్టడాన్ని ఒక ఊహాత్మకమైన తొలి రూపానికి తీసుకెళ్లాలని, మధ్య శతాబ్దాల గుర్తులన్నిటినీ గీకేసేవాళ్లు భవనాన్ని కాపాడటం లేదు, దాని చరిత్రను చంపుతున్నారన్నది అతని వాదన. శిథిలమైనదాన్ని మరమ్మతు చేయండి, పాతదిగా నటించే కొత్తదాన్ని కట్టకండి అన్నది ఆ సంఘం నేటికీ పాటించే సూత్రం. ఈ సూత్రానికి ఎదురుగా నిలిచే ఉదాహరణా ఉంది. ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే ఇల్లు 1989లో పైకప్పు మీద సీసపు పని చేస్తున్నప్పుడు నిప్పంటుకుని లోపల చాలావరకు కాలిపోయింది. దాన్ని అగ్నిప్రమాదానికి ముందురోజు ఎలా ఉందో అలాగే, వెలిసిన రంగుతో సహా తిరిగి కట్టి 1995లో తెరిచారు. మరిచిపోయిన గచ్చుపని, కలపచెక్కడం నైపుణ్యాలను ఆ పని కోసం మళ్లీ నేర్చుకున్నారు. రెండు దృక్పథాల్లోనూ న్యాయముంది. అయితే హోటల్ విషయానికి వచ్చేసరికి మోరిస్ వైపే మొగ్గుతాను. ఎందుకంటే విలాసం అనే మాట చాటున పాతదాన్ని కొత్తగా మెరిపించాలన్న ఒత్తిడి హోటల్ మీద ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో కొన్ని సంగతులు చెబుతాను. పాత గోడలను సున్నపు గచ్చుతో కట్టారు. సున్నం తేమను పీల్చుకుని మళ్లీ గాలిలోకి వదులుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో త్వరగా అయిపోతుందని, గట్టిగా ఉంటుందని చాలా ఇళ్లకు సిమెంటు పూశారు. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు. అప్పుడు తేమ రాయిలోకి మళ్లి, చలికాలంలో గడ్డకట్టి, రాతి ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది. అందుకే మంచి మరమ్మతులో మొదటి పని తరచుగా పాత సిమెంటును ఓపికగా తీసేయడమే. కాలువలు మూసుకుపోయి, తేమ చేరి, గాలి ఆడని చోట కలపను తినే శిలీంధ్రం పుడుతుంది. డ్రై రాట్ అని పిలిచే ఆ తెగులు ఇటుక గోడల గుండా కూడా తీగలు పాకించుకుని ఆరోగ్యంగా ఉన్న దూలాలను చేరుతుంది. కొన్నేళ్లు ఖాళీగా వదిలేసిన ఇల్లు త్వరగా పాడయ్యేది ఇందువల్లే. మనుషులు మసలే ఇంట్లో కిటికీలు తెరుస్తారు, పొయ్యిలు వెలిగిస్తారు, కారే చోటును ఎవరో ఒకరు గమనిస్తారు. హోటల్‌గా మార్చడం ఇంటికి చేసే మొదటి మేలు ఇదే.

కీడు కూడా ఇక్కడే మొదలవుతుంది. ప్రతి గదికీ సొంత స్నానాలగది కావాలి. పాత ఇంట్లో అలాంటివి లేవు. పక్కనున్న దుస్తుల గదిని స్నానాలగదిగా మార్చడం సులువు. అలాంటి గది లేనప్పుడు పెద్ద పడకగది మధ్యలో గోడ లేపితే పైకప్పు మీది గచ్చు అలంకారం రెండు ముక్కలుగా తెగిపోతుంది, కిటికీకీ పొయ్యికీ మధ్య ఉన్న కొలత చెడిపోతుంది. మంచి వాస్తుశిల్పి అక్కడ పైకప్పును తాకని ఎత్తుతో, ఎప్పుడైనా తీసేయగలిగే పెట్టెలాంటి స్నానాలగదిని నిలబెడతాడు. తర్వాతి తరం దాన్ని తీసేస్తే పాత గది చెక్కుచెదరకుండా మిగలాలి. అగ్నిమాపక నియమాలు కూడా ఇలాంటి చిక్కే తెస్తాయి. మెట్ల గదిని తలుపులతో మూయాలి. పాత తలుపులను మార్చకుండా వాటిలోపలే నిప్పును ఆపే పొరలు చేర్చాలి. గోడలమీది బట్ట చిరగకుండా తీగలు లాగాలి. పైకీ కిందికీ జరిగే పాత కిటికీల్లో చేత్తో ఊది చేసిన గాజు ఉంటుంది. అందులోంచి చూస్తే బయటి చెట్లు కొద్దిగా వంకర్లు తిరిగి కనబడతాయి. చలి ఆగాలంటే రెండు పొరల గాజు పెట్టాలి. పెడితే ఆ పాత గాజు పోతుంది. అందువల్ల లోపలివైపు వేరుగా ఇంకో పలుచని కిటికీని అమరుస్తారు.

ఈ పనుల్లో ఏదీ యజమాని ఇష్టప్రకారం జరగదు. ఇంగ్లాండులో రక్షిత జాబితాలో ఉన్న కట్టడాలకు మూడు శ్రేణులున్నాయి. అత్యున్నతమైన మొదటి శ్రేణిలో మొత్తం జాబితాలోని రెండున్నర శాతం మాత్రమే ఉన్నాయి. జాబితా 1947 చట్టంతో స్థిరపడింది. కట్టడాన్ని కూల్చడానికైనా, దాని స్వభావం మారేలా మార్పులు చేయడానికైనా ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్న నియమం 1968లో వచ్చింది. అనుమతి లేకుండా చేస్తే అది నేరం. ఇంత బాధ్యత మోపిన ప్రభుత్వం మరమ్మతుకయ్యే ఖర్చుమీద 20 శాతం విలువ ఆధారిత పన్ను వసూలు చేస్తుంది. రక్షిత కట్టడాల్లో అనుమతి పొందిన మార్పులకు అంతకుముందున్న సున్నా రేటును కూడా 2012 అక్టోబరులో తీసేసింది. అదే సమయంలో కొత్తగా కట్టే ఇంటికి పన్ను లేదు. పాతదాన్ని నిలబెట్టేవాడికి పన్ను వేసి, కొత్తది కట్టేవాడికి మినహాయింపు ఇవ్వడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. సంరక్షణ సంస్థలు ఏళ్లుగా అడుగుతున్నా ఇది మారలేదు.

ఇక బస సంగతి. గది ఎంచుకునేటప్పుడు హోటల్‌వాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ఆ గది ప్రధాన భవనంలో ఉందా, గుర్రాల శాలను మార్చి కట్టినవాటిలో ఉందా, ప్రధాన భవనంలోనే అయితే ఏ అంతస్తులో ఉంది అని అడగాలి. గుర్రాల శాలల్లోని గదులు తరచుగా సౌకర్యంగానే ఉంటాయి, కానీ ఇంటి అనుభవం అక్కడ సగమే. ప్రధాన భవనంలో మొదటి అంతస్తు గదులకు ఎత్తైన పైకప్పు, పొడుగాటి కిటికీలు, పెద్ద పొయ్యి ఉంటాయి. అవి యజమానులు, గొప్ప అతిథులు పడుకున్న గదులు. ఇంకా పైకి ఎక్కేకొద్దీ కిటికీలు చిన్నవవుతాయి, కప్పు వాలుతుంది, మెట్లు ఇరుకవుతాయి. పిల్లలు, ఆయాలు, పనిమనుషులు ఉన్న అంతస్తు అది. సమాజంలో ఎవరి స్థానం ఎక్కడో గోడల ఎత్తులోనే రాసిపెట్టి ఉంటుంది. ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పదు. వీలైతే పై గదినే అడగమని విద్యార్థులకు నా సలహా. ధర కూడా కాస్త తక్కువ ఉంటుంది, ఇంటి గురించి తెలిసేదీ ఎక్కువ.

చేరుకునే దారిని కూడా గమనించాలి. పద్దెనిమిదో శతాబ్దంలో క్యాపబిలిటీ బ్రౌన్, అతని తర్వాత హంఫ్రీ రెప్టన్ రూపొందించిన ఉద్యానవనాల్లో గేటు నుంచి ఇంటికి దారి తిన్నగా ఉండదు. చెట్ల గుంపుల వెనకగా, చిన్న దిన్నెల చుట్టూ వంపులు తిరుగుతూ ఒకచోట అకస్మాత్తుగా ఇంటిని చూపిస్తుంది. పచ్చికలో మేసే పశువులకూ, ఇంటి ముంగిటికీ మధ్య కంచె కనబడదు. లోతుగా తవ్విన కందకం, దాని లోపలివైపు నిలువు గోడ ఆ పని చేస్తాయి. ఇంట్లోంచి చూసేవారికి తమ ముంగిలి దిగంతం వరకు సాగినట్టు కనిపించాలన్నది ఉద్దేశం. పగటి సందర్శకుడు కార్ల పార్కింగ్ నుంచి టికెట్ల గది మీదుగా పక్కదారిలో వస్తాడు కాబట్టి ఈ కూర్పు అతనికి దొరకదు. బస చేసేవాడు ఆ దారిలోనే వస్తాడు, సాయంత్రం వాలు వెలుతురులోనూ ఉదయపు మంచులోనూ రెండుసార్లు చూస్తాడు. గ్రంథాలయం, డ్రాయింగ్ రూమ్, భోజనశాల ఏ దిక్కుకు తెరుచుకుంటాయో, ఏ పూట ఏ గదిలోకి ఎండ వస్తుందో కూడా అప్పుడే అర్థమవుతుంది. రోజంతా ఎండను వెంబడిస్తూ గది నుంచి గదికి మారే జీవితం కోసం కట్టిన ఇల్లు అది.

రాత్రి పొయ్యి చల్లారాక ఎత్తైన గదిలో వేడి ఎంత త్వరగా పోతుందో గమనించండి. మంచం చుట్టూ తెరలు, కిటికీలకు లోపలివైపు చెక్క తలుపులు ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు గోడ చాటున వేడినీటి గొట్టాలున్నాయి. ఒకప్పుడు ప్రతి గదికీ బొగ్గు, వేడినీళ్లు చేతులతో మోసి తెచ్చారు, బూడిద చేతులతో మోసి తీసుకెళ్లారు. అతిథులు లేవకముందే పొయ్యిలు శుభ్రం చేసి వెలిగించిన అమ్మాయిలు తెల్లవారకముందే వెనక మెట్లమీద పైకీ కిందికీ తిరిగేవారు. చాలా హోటళ్లలో ఆ వెనక మెట్లు, ఆకుపచ్చ ఉన్ని బట్ట తాపడం చేసిన తలుపు, గదుల పేర్లు రాసిన గంటల వరుస ఇంకా ఉన్నాయి. అడిగితే సంతోషంగా చూపిస్తారు. చూపించమని తప్పక అడగండి. ఈనాటి హోటల్‌లోనూ పడకలు సర్దేవాళ్లు, వంటశాలలో పనిచేసేవాళ్లు అదే మెట్లమీద తిరుగుతున్నారు. పాఠశాలగానో కార్యాలయంగానో మార్చిన ఇంట్లో ఆ వెనక మెట్లకు పని ఉండదు. హోటల్‌లో ఇల్లు తన పాత లయను దాదాపు అలాగే కొనసాగిస్తుంది. పాత ఇంటిని వాడుకునే పద్ధతులన్నిటిలో దాని స్వభావానికి దగ్గరగా ఉన్నది ఇదేనని నేను అనడానికి కారణం అది. ఒక పెద్ద తేడా ఏమిటంటే, ఇప్పుడు పనివాళ్లకు పనిగంటల నియమాలు, చట్టబద్ధమైన వేతనం ఉన్నాయి, అతిథి ఎవరైనా కావచ్చు.

ఈ ఇళ్ల డబ్బు ఎక్కడిదన్నది కూడా తెలుగువాళ్లమైన మనం అడగవలసిందే. 2020లో నేషనల్ ట్రస్ట్ తన ఆస్తుల్లో 93 చోట్లకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని ఒక నివేదికలో స్వయంగా ప్రకటించింది. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌హాల్ పార్క్ అనే ఇంటి కథ మనకు మరీ దగ్గరిది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వంగదేశంలో గడించిన సొమ్ముతో దాన్ని 1777లో కట్టించుకున్న థామస్ రంబోల్డ్ మరుసటి ఏడాదే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించుకుని శిస్తు బేరాలు ఖరారు చేసినందుకు తర్వాత పార్లమెంటులో ఆరోపణలు ఎదుర్కొన్నాడు. శిక్షించేందుకు పెట్టిన బిల్లు మాత్రం ముందుకు సాగక ఆగిపోయింది. అతని తర్వాత ఆ ఇల్లు కొన్నది ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి, ఆ వ్యవహారంలో పేరుమోసిన పాల్ బెన్‌ఫీల్డ్. ఇప్పుడది పాఠశాల. ఇలాంటి నేపథ్యం ఉన్న ఇళ్లను చూడకూడదని, వాటిలో బస చేయకూడదని నేను అనను. గోడమీది చిత్రపటాల కింద ఆ కథ కూడా రాసి పెట్టాలని, అతిథిగా వెళ్లిన మనం దాని గురించి నిర్మొహమాటంగా అడగాలని అంటాను. కథను చెప్పే ధైర్యమున్న హోటల్‌కే నేను నా డబ్బు ఇస్తాను.

ఖర్చు గురించి చివరగా ఒక మాట. రాత్రి బసకు స్తోమత లేనివాళ్లకు దారులు పూర్తిగా మూసి లేవు. ఈ హోటళ్లలో చాలా వాటిలో బస చేయనివాళ్లకు కూడా ముందుగా చెప్పుకుంటే మధ్యాహ్నపు టీ దొరుకుతుంది. డ్రాయింగ్ రూమ్‌లో రెండు గంటలు కూర్చోవడానికి అది చాలు. క్లివ్‌డెన్ తోటలను నేషనల్ ట్రస్ట్ టికెట్టుతో రోజంతా చూడవచ్చు. 1965లో జాన్ స్మిత్ స్థాపించిన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ చిన్నా పెద్దా చారిత్రక కట్టడాలను మరమ్మతు చేసి అద్దెకిస్తుంది. సేవకులు ఉండరు, టీవీ ఉండదు, వంట మనమే చేసుకోవాలి. నలుగురైదుగురు స్నేహితులు కలిసి శీతాకాలంలో వారం మధ్యలో తీసుకుంటే తలకు పడేది మామూలు హోటల్ గది అద్దెకు మించదు. కొలత టేపు, గీసుకునే పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఒక గది నమూనా, ఒక కిటికీ నిలువుకోత, వెనక మెట్లకూ ముందు మెట్లకూ ఉన్న కొలతల తేడా గీసుకుని వస్తే వచ్చే ఏడాది తరగతిలో వాటిమీదే చర్చ పెట్టవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.